బండి కబుర్లు: పాత పెట్రోల్ కారుకి హైడ్రోజన్ పెట్టొచ్చా?

ఈసారి హైడ్రోజన్ మీదే ఉత్తరాలు ఎక్కువొచ్చాయి, మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచుదాం.

ప్రశ్న: నాది 1997 మారుతి 800, కార్బురేటర్ మోడల్. మా మెకానిక్ హెచ్‌హెచ్‌ఓ కిట్ అని బానెట్ కింద నీళ్ల డబ్బా ఒకటి పెడతానంటున్నాడు, అందులోంచి గ్యాసు వచ్చి పెట్రోల్‌తో కలిసి కాలుద్దంట, మైలేజీ ఒకటిన్నర రెట్లు అవుద్దంట. పెట్టించమంటారా? (తణుకు)

జవాబు: వద్దండి. ఎందుకో లెక్కేసి చూడండి. మీ బండి అరవైలో పోతూ లీటరుకి 18 ఇస్తోందనుకుందాం, అంటే గంటకి మూడు లీటర్ల పైచిలుకు, ఆ పెట్రోల్లో ఉన్న శక్తి సుమారు 30 కిలోవాట్లు. ఆ డబ్బా నిమిషానికి లీటరు గ్యాసు ఇచ్చిందనుకున్నా అందులో హైడ్రోజన్ కాలితే వచ్చేది 110 వాట్లు. 30 వేలల్లో 110, అంతే. పోనీ అదన్నా ఉత్తినే వస్తుందా అంటే అదీ లేదు, నీళ్లని విడగొట్టాలంటే కరెంటు కావాలి, ఒక 200 వాట్లు లాగుతుంది, ఆ కరెంటు ఇచ్చేది ఆల్టర్నేటర్, దాన్ని తిప్పేది బెల్టు, బెల్టుని తిప్పేది ఇంజిను, ఇంజిను తాగేది మళ్లీ మీరు కొట్టించిన పెట్రోలే. ఆల్టర్నేటర్లో సగం దాకా, ఇంజిన్లో ముప్పావు వంతు వేడి కింద పోతాయి కాబట్టి ఆ 110 వాట్ల గ్యాసు కోసం 1,500 వాట్ల దాకా పెట్రోల్ తగలెయ్యాలి. బియ్యం అమ్మి నూకలు కొనుక్కున్నట్టు.

మరి పెట్టించుకున్నవాళ్లు మైలేజీ పెరిగిందంటున్నారుగా అంటారేమో. కిట్ బిగించే రోజే ప్లగ్గులు మారుస్తారు, ఎయిర్ ఫిల్టర్ దులుపుతారు, కార్బురేటర్ స్క్రూ తిప్పి పెట్రోల్ తగ్గిస్తారు, పైగా డబ్బులు పెట్టాం కదా అని ఓనరు కూడా మెత్తగా తోలతాడు. ఇంజెక్షన్ బళ్లకైతే ఆక్సిజన్ సెన్సార్‌ని మోసం చేసే చిన్న సర్క్యూట్ కూడా ఇస్తారు కొందరు, దాంతో ఇంజిను లీన్‌గా, అంటే గాలి ఎక్కువ ఇంధనం తక్కువగా నడుస్తుంది, కొన్నాళ్లకి ఎగ్జాస్ట్ వాల్వులు కాలతాయి, అప్పుడు ఆ మెకానిక్ దగ్గరికే మళ్లీ వెళ్లాలి!

ఇంకో మాట, ఆ డబ్బాలో ఉండేది ఉత్త నీళ్లు కాదు, కాస్టిక్ సోడా లాంటిదేదో కలుపుతారు. అది లేదని ఉప్పు వేసేవాళ్లున్నారు, ఉప్పు వేస్తే క్లోరిన్ వస్తుంది. పైగా బయటికొచ్చే గ్యాసులో హైడ్రోజన్, ఆక్సిజన్ రెండూ పేలడానికి సరిగ్గా ఎంత కావాలో అంతే పాళ్లలో ఉంటాయి, ఇంజిన్లోంచి మంట వెనక్కి తన్ని (బ్యాక్‌ఫైర్) పైపు వెంట వస్తే డబ్బా పగులుతుంది. కాస్టిక్ నీళ్లు మొహాన పడితే కళ్లు పోతాయి.

ప్రశ్న: నీళ్ల డబ్బా కాదు సార్, సిలిండర్‌లోంచి అసలు హైడ్రోజనే ఇచ్చి పాత పెట్రోల్ ఇంజిన్ నడిపితే? కాలేజీ ప్రాజెక్టుకి అడుగుతున్నా. (కాకినాడ)

జవాబు: నడుస్తుంది. స్విట్జర్లాండ్‌కి చెందిన డి రివాజ్ 1807లోనే హైడ్రోజన్‌తో ఇంజిన్ తిప్పాడు, అప్పటికి పెట్రోల్ కారన్నదే లేదు. ఇబ్బంది ఎక్కడంటే, హైడ్రోజన్ గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంత ఉన్నా అంటుకుంటుంది, అంటుకోవడానికి కావాల్సిన నిప్పు కూడా పెట్రోల్‌కి కావాల్సిన దాంట్లో పదో వంతే. ప్లగ్ మొన కొంచెం ఎర్రగా ఉన్నా, లోపల మసి పెళ్ల వేడిగా ఉన్నా వాల్వు మూసుకోకముందే అంటుకుని, గాలి లోపలికెళ్లే గొట్టంలో (ఇన్‌టేక్ మానిఫోల్డ్) టప్పుమంటుంది. అందుకే కార్బురేటర్లోంచి కలపొద్దు, ఇన్‌టేక్ వాల్వు తెరుచుకున్నాకే ఇంజెక్టర్‌తో పోర్టులోకి కొట్టించండి. వేడిని త్వరగా వదిలేసే కోల్డ్ ప్లగ్గులు వాడండి, ప్లాటినం మొన ఉన్నవి వద్దు, ప్లాటినమే హైడ్రోజన్‌ని రేపెడుతుంది. పిస్టన్ పక్క నుంచి కిందికి జారిన గ్యాసు ఇంజిన్ అడుగున ఉండే క్రాంక్‌కేస్‌లో చేరుతుంది, దానికి గాలి ఆడే దారి ఉండాలి, ఇది మాత్రం చాలామంది మర్చిపోతారు.

పవర్ తగ్గుతుంది, దానికి ముందే సిద్ధపడండి. సిలిండర్లో 30 శాతం చోటు గ్యాసే తీసుకుంటుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించడానికి లీన్‌గా నడిపితే ఇంకా పోతుంది. బీఎండబ్ల్యూ వాళ్లు 2006లో చూపించిన హైడ్రోజన్ 7లో ఆరు లీటర్ల పన్నెండు సిలిండర్ల ఇంజిన్ 260 హార్స్‌పవరే ఇచ్చింది, అదే సైజు పెట్రోల్ బండి 445 ఇచ్చేది. మీరు కారు జోలికి పోకుండా పాత జనరేటర్ ఇంజిన్ మీద చెయ్యండి, ఆరుబయట, గైడ్ పక్కనుండగా, మంట పైపు వెంట వెనక్కి పోకుండా ఆపే ఫ్లాష్ అరెస్టర్ పెట్టి. హైడ్రోజన్ మంట పగటి వెలుతురులో కనపడదు, లీకుంటే చేత్తో తడిమి వెతకొద్దు.

ప్రశ్న: సీఎన్‌జీ లాగా డిక్కీలో హైడ్రోజన్ సిలిండర్ బిగిస్తే సరిపోదా? (ఖమ్మం)

జవాబు: కిలో హైడ్రోజన్‌లో దాదాపు మూడుముప్పావు లీటర్ల పెట్రోల్‌కున్న శక్తి ఉంటుంది, వినడానికి బావుంది. కానీ ఫ్యాక్టరీలకి పోయే పెద్ద ఇనప సిలిండర్లో 150 బార్ ఒత్తిడి దగ్గర పట్టేది అరకిలో పైచిలుకు, అంటే రెండు లీటర్ల పెట్రోల్, మోసేదేమో యాభై అరవై కిలోల ఇనుము! ముప్పై, నలభై కిలోమీటర్లకి సిలిండర్ ఖాళీ. 700 బార్ కార్బన్ ఫైబర్ ట్యాంకులు వేరే లోకం, ఆ డబ్బుతో ఇంకో కారొస్తుంది. సీఎన్‌జీ రెగ్యులేటర్లూ పైపులూ దీనికి పనికిరావు, హైడ్రోజన్ కొన్ని రకాల స్టీలులోకి దూరి పెళుసెక్కిస్తుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో లేని ఇంధనం మీ ఇష్టానికి బిగించుకోవడానికి లేదు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట పట్టుకునేది అక్కడే.

ప్రశ్న: అమెరికాలో ఒకాయన నీళ్లతోనే కారు నడిపితే తొక్కేశారంట కదా? (కర్నూలు)

జవాబు: స్టాన్లీ మేయర్ సంగతి. ఆయన దగ్గర డబ్బు పెట్టినవాళ్లే కోర్టుకెళ్లారు, 1996లో ఒహాయో కోర్టు దాన్ని మోసమని తేల్చి డబ్బు వెనక్కివ్వమంది. తొక్కేసిందెవరో మీరే చెప్పండి.

ప్రశ్న: పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్ వస్తోందిగా, అప్పుడైనా మా పాత బళ్లకి పనికొస్తుందా? (అనకాపల్లి)

జవాబు: గ్రీన్ హైడ్రోజన్ అంటే సోలార్, గాలి కరెంటుతో నీళ్లని విడగొట్టి తీసేది. ఆ హబ్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన అయింది. అక్కడ తయారయ్యేదాంట్లో ఎక్కువ భాగం అమ్మోనియా లాంటి సరుకుగా మారి ఎగుమతికి పోవాలన్నది ప్లాను. బళ్ల వరకూ చూస్తే లారీలూ బస్సులే ముందు, రిలయన్స్, అశోక్ లేలాండ్ కలిసి 2023లో హైడ్రోజన్ ఇంజిన్ లారీ చూపించారు కూడా. మారుతి 800 కోసం ఎవరూ బంకు పెట్టరండి. మీ బండికి కంప్రెషన్ చెక్ చేయించి, కార్బురేటర్ విప్పి కడిగించి, టైర్లలో గాలి సరిగ్గా పెట్టించండి, అప్పటికీ మైలేజీ లీటరుకి 15 దాటకపోతే రీడింగులు రాసి పంపండి, చూద్దాం.