హెచ్-ఇండెక్స్ గురించి అడిగిన యువ పరిశోధకురాలికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు పంపిన ప్రచురణల పట్టికను, దాని అడుగున రాసిన ప్రశ్నను చదివాను. పదోన్నతి ఇంటర్వ్యూ లోపల హెచ్-ఇండెక్స్‌ను ఆరు నుంచి పదికి చేర్చడం ఎలా అని అడిగావు. ఆ కోరికను తప్పుపట్టను, ఎందుకంటే ఎంపిక సంఘాల కళ్లు ముందు పడేది ఆ అంకె మీదే. అయితే అది దేన్ని లెక్కిస్తుందో, దేన్ని వదిలేస్తుందో ముందు నీకు స్పష్టంగా తెలియాలి.

భౌతిక శాస్త్రవేత్త హిర్ష్ 2005లో ప్రతిపాదించిన ఈ సూచిక లెక్క సులువైనదే. ఎన్ని పత్రాలకు కనీసం అన్నేసి సైటేషన్లు, అంటే ఇతరుల పత్రాల్లో ఉదహరింపులు, వచ్చాయో ఆ గరిష్ఠ సంఖ్యే సూచిక. నీ పత్రాలను సైటేషన్ల ప్రకారం పేరిస్తే 90, 31, 14, 9, 7, 6, 6, 5, 3, 1, 0, 0 అని వరుస వస్తుంది. ఆరో పత్రానికి ఆరు సైటేషన్లు ఉన్నాయి, ఏడో పత్రానికి ఏడు లేవు కనుక నీ సూచిక ఆరు. మొదటి పత్రానికి తొంభై బదులు తొమ్మిది వందలు వచ్చినా అది ఆరే. ఆ తొంభై వచ్చింది నీ పేరు ఏడో స్థానంలో ఉన్న సమీక్షా వ్యాసానికి. వార్డులో ఇన్సులిన్ నిల్వ, ఇంజెక్షన్ ఇచ్చే తీరు మీద నీవే రూపొందించి నడిపిన అధ్యయనానికి వచ్చినవి మూడు. ఆ అధ్యయనం నుంచి పుట్టిన చార్టు ఇప్పటికీ వార్డు గోడ మీద ఉందని నీవే రాశావు. దాన్ని రోజూ చూసుకునే నర్సులు పత్రాలు రాయరు కాబట్టి వారి వాడకం ఏ డేటాబేస్‌కూ ఎక్కదు.

మన రంగానికి మరో చిక్కు కూడా ఉంది. సైటేషన్లను బట్టి జర్నళ్లకు ఏటా ర్యాంకులు ఇచ్చే జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్‌లో ఫార్మసీ ప్రాక్టీస్‌కు, అంటే రోగుల మందుల వాడకాన్ని చూసే మన రంగానికి, ప్రత్యేక వర్గం లేదు. కొత్త అణువుల మీద, నానో కణాల మీద పనిచేసేవారి జర్నళ్లతో కలిపి మన జర్నళ్లకూ ర్యాంకులు వేస్తారు. పక్క ల్యాబ్ సహోద్యోగి అంకెలతో నీ అంకెలను పోల్చుకుని దిగులుపడటంలో అర్థం లేదని అందుకే అంటున్నాను. పైగా మనవారు మంచి పత్రాలను సాధారణ వైద్య జర్నళ్లకు పంపడం వల్ల రంగం సాహిత్యం చెల్లాచెదురైపోతోంది. ఈ సమస్య మీదే ఫార్మసీ ప్రాక్టీస్ జర్నళ్ల సంపాదకులు 2022లో స్పెయిన్‌లోని గ్రెనడాలో కూర్చుని చర్చించి, మరుసటి ఏడాది పద్దెనిమిది సిఫారసులు ప్రచురించారు. పదజాలాన్ని నిలకడగా వాడటం, సారాంశాన్ని శ్రద్ధగా రాయడం, తగిన జర్నల్‌ను ఎంచుకోవడం వంటివి వాటిలో ఉన్నాయి. నీవు ఒక పత్రంలో ‘ఫార్మాస్యూటికల్ కేర్’ అనీ, ఇంకొక దానిలో ‘ఫార్మసిస్ట్ కౌన్సెలింగ్’ అనీ, మూడో దానిలో ‘పేషెంట్ ఎడ్యుకేషన్’ అనీ ఒకే పనికి మూడు పేర్లు పెట్టావు. అలా రాస్తే ఒక పదంతో వెతికేవారికి మిగతా రెండు పత్రాలు దొరకవు.

అసలు ఏవి ఎక్కువగా ఉదహరింపబడుతున్నాయో చూడు. రోగిలో కనిపించిన దుష్ప్రభావం మందు వల్లనేనా అని తేల్చడానికి నరాంజో, ఆయన సహచరులు 1981లో ఇచ్చిన స్కేల్ పది ప్రశ్నలది. మందు ఆపాక ప్రతిచర్య తగ్గిందా, మళ్లీ ఇస్తే తిరిగి వచ్చిందా వంటి ప్రశ్నలకు మార్కులు వేసి కూడితే, తొమ్మిది గానీ అంతకు మించి గానీ వచ్చినప్పుడు ఆ ప్రతిచర్య మందు వల్లనే అని నిశ్చయిస్తారు. దుష్ప్రభావాల మీద కేస్ రిపోర్ట్ రాసే ఎవరికైనా అది అవసరం కాబట్టి నాలుగు దశాబ్దాలు దాటినా దాన్ని ఉదహరిస్తూనే ఉన్నారు. చేతికి పనికొచ్చే సాధనం ఇచ్చిన పత్రానికి ఇలాంటి ఆయుష్షు ఉంటుంది. 2008లో మన దేశంలో ఆరేళ్ల ఫార్మసీ కోర్సు ఫార్మ్.డి. మొదలయ్యాక ఐదో ఏడాది ప్రాజెక్టుల నుంచి వరదలా వస్తున్న ‘ఫలానా ఆసుపత్రిలో మందుల వినియోగ సరళి’ పత్రాలకు ఆ భాగ్యం లేదు. నీ పట్టికలో సున్నాలు ఉన్న రెండూ ఆ కోవలోవే.

నీ మధుమేహ అధ్యయనాన్నే తీసుకో. గత రెండు మూడు నెలల సగటు రక్త చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 8.9 శాతం నుంచి 8.1 శాతానికి తగ్గిందని రాసి, పక్కన ఆ తేడా కేవలం యాదృచ్ఛికమా అని అంచనా వేసే పి విలువ ఒక్కటే ఇచ్చావు. రోగుల అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనం లేకపోతే, అనేక అధ్యయనాల ఫలితాలను కలిపి లెక్కించే మెటా అనాలిసిస్ చేసేవారు నీ ఫలితాన్ని కలపడం కష్టమై పక్కన పెట్టవచ్చు. ‘క్లినికల్ ఫార్మసిస్ట్ కౌన్సెలింగ్ ఇచ్చారు’ అన్న ఒక్క వాక్యంతో పద్ధతిని ముగించావు. ఎన్ని నిమిషాలు మాట్లాడారు, ఎన్నిసార్లు పిలిచారు, తెలుగు కరపత్రం ఇచ్చారా, చదువురాని రోగికి మాత్రల వేళలు ఎలా చూపించారు అన్నవి లేకపోతే ఇంకొక ఊరి ఫార్మసిస్ట్ ఆ పనిని మళ్లీ చేయలేరు. చేయలేనివారు ఉదహరించరు కూడా. మందుల క్రమపాలన కొలవడానికి ఎనిమిది ప్రశ్నల మోరిస్కీ స్కేల్ వాడే ఉద్దేశం ఉంటే ముందే లైసెన్స్ సంగతి తేల్చుకో. అనుమతి లేకుండా వాడినందుకు పత్రాలను వెనక్కి తీసుకోవలసి వచ్చినవారు ఉన్నారు.

అడ్డదారుల గురించి రెండు మాటలు చాలు. తన పత్రాలను తానే అతిగా ఉదహరించుకుంటే, సైటేషన్లను లెక్కగట్టే డేటాబేస్ అయిన స్కోపస్‌లో ఒక్క నొక్కుతో ఆ స్వీయ ఉదహరింపులను తీసివేసి చూడవచ్చు. డబ్బు కడితే నాలుగు రోజుల్లో అచ్చువేస్తామనే జర్నళ్లకు మన హైదరాబాద్ కూడా పేరు మోసింది. ఇక్కడి నుంచి నడిచిన ఒక ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేయగా, 2019లో కోర్టు ఐదు కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పు ఇచ్చింది.

ఒక చిన్న పని మాత్రం ఈ వారమే చేయి. నీ ఇంటిపేరు ఒక పత్రంలో పొడి అక్షరంగా, మరొక దానిలో పూర్తిగా, ఇంకొక దానిలో పేరుకు వెనక ఉంది. మన తెలుగువాళ్లందరికీ ఉన్న తంటానే ఇది. స్కోపస్‌లో నీ పేరిట రెండు ప్రొఫైళ్లు ఉండటానికి కారణం కూడా ఇదే. ప్రతి పరిశోధకుడికీ ప్రత్యేకంగా ఇచ్చే ఆర్సిడ్ గుర్తింపు సంఖ్య తీసుకుని, పేరుకు ఒకే రూపం ఎంచుకుని, ఆ రెండు ప్రొఫైళ్లను కలపమని స్కోపస్ వారికి అర్జీ పెట్టు.

మధుమేహ అధ్యయనం రెండో విడతను జర్నల్‌కు పంపే ముందు పద్ధతుల విభాగాన్ని, ఫలితాల పట్టికలను నాకు పంపు. పీఠిక ఇప్పుడే అక్కరలేదు, దాన్ని చివరన చూద్దాం.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి