కొండనదిలో దిగేముందు: పాఠకుల ప్రశ్నలు

(ఒడిశాలోని కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల నదీలోయల గురించి వచ్చిన ఉత్తరాలకు జయపురం నుంచి విశ్రాంత భూగోళం టీచరు ఇచ్చిన జవాబులు.)

ప్రశ్న: టీచర్ గారూ, మేం డిగ్రీ చదువుతున్న ఆరుగురు స్నేహితులం. సంక్రాంతి సెలవుల్లో గుప్తేశ్వరం గుహ చూసి, కొలాబ్ మడుగుల్లో ఈత కొట్టి రావాలని ప్లాన్ వేసుకున్నాం. మాలో నలుగురికి ఈత బాగా వచ్చు. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– పాఠకుడు, బరంపురం

జవాబు: బాబూ, కాలం మంచిదే ఎంచుకున్నారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వానలు తక్కువ, నీరు తేటపడుతుంది, దారులు ఆరి ఉంటాయి. జయపురం నుంచి గుప్తేశ్వరానికి అరవై కిలోమీటర్ల లోపే. రామగిరి దాటాక దట్టమైన అడవి. నదికి అవతలి ఒడ్డు ఛత్తీస్‌గఢ్. ఇక్కడ కొలాబ్ అని పిలిచే ఈ నదే దిగువన శబరి అయ్యి, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది.

మీ ఉత్తరంలో నాకు భయం వేసిన మాట ఒకటుంది, 'నలుగురికి ఈత బాగా వచ్చు' అన్నది. చెరువులోనో స్విమ్మింగ్ పూల్‌లోనో వచ్చిన ఈత నిలవ నీటి ఈత. కొండనదిలో నీరు పరుగెడుతూ ఉంటుంది. వేగం రెట్టింపైతే అది మనిషిని నెట్టే బలం నాలుగింతలవుతుంది. మోకాలి లోతు నీళ్ళే కదా అని దాటబోయి కొట్టుకుపోయేది అందుకే. ఒకవేళ పట్టు తప్పితే, వెంటనే లేచి నిలబడాలని చూడకండి. పాదం రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంటే వెనక నుంచి వచ్చే నీరు మనిషిని ముందుకు వంచేసి, లేవనివ్వదు. వెల్లకిలా తేలుతూ, పాదాలు దిగువకు పెట్టి, వేళ్ళు నీటి పైకి కనిపించేలా ఉంచి, చేతులతో ఒడ్డు వైపు జరగాలి. నీరు నెమ్మదించి, లోతు తగ్గాకే నిలబడాలి. ఇది ఇంట్లో చదివి ఊరుకుంటే సరిపోదు, వెళ్ళే ముందు ఆరుగురూ ఒకరికొకరు అప్పజెప్పుకోండి.

జనవరిలో మా నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయో బరంపురం వాళ్ళు ఊహించలేరు. చల్లటి నీటిలో ఒక్కసారిగా దూకితే తెలియకుండానే గట్టిగా ఊపిరి లాగేస్తాం. ఆ క్షణంలో నోరు నీటిలో ఉంటే నీరే లోపలికి పోతుంది. బాగా ఈత వచ్చినవాళ్ళకూ ఇది తప్పదు. కాబట్టి దూకుడు వద్దు. కాళ్ళు, చేతులు, ముఖం తడుపుకుని, ఒడ్డు నుంచి నడుచుకుంటూ దిగండి. ఎక్కడ దిగాలో తెలియకపోతే, గేదెల్ని ఎక్కడ నీళ్ళకు దింపుతారో అక్కడి ఊరివాళ్ళను అడగండి. పశువులు దిగే రేవులో అడుగు మెల్లగా పల్లమవుతుంది. చేపలు పట్టేవాళ్ళు 'ఆ మడుగు వద్దు' అంటే, ఎందుకని వాదించకుండా వచ్చేయండి. వాళ్ళు ఏటా ఆ నదిని చూస్తున్నవాళ్ళు.

ఇక గుహ సంగతి. అది సున్నపురాయి గుహ, లోపల శివలింగం. చెప్పులు బయట వదలాలి, రాయి తడిగా ఉంటుంది, కాబట్టి పిల్లల్నీ పెద్దవాళ్ళనీ చెయ్యిపట్టి నడిపించాలి. శివరాత్రికీ శ్రావణానికీ జనం కిక్కిరిసిపోతారు, చూడడానికి కాక మొక్కడానికి అయితేనే ఆ రోజుల్లో రండి. ఆ చుట్టుపక్కల సున్నపురాయి గుహల్లో గబ్బిలాలు ఉంటాయి. గుప్తేశ్వరం అడవిలో 350 హెక్టార్లను ఒడిశా ప్రభుత్వం 2024లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. గబ్బిలాలు వేలాడే గదిలోకి టార్చి కొట్టకండి, కేకలు పెట్టకండి. పిల్లల్ని పొట్టకు కరచుకున్న తల్లులు బెదిరి ఎగిరితే పిల్లలు కింద పడిపోతాయి. రాత్రిపూట పొలాల మీద పురుగుల్ని తినేవి ఆ గబ్బిలాలే. మీకూ అది మంచి చోటు కాదు. గబ్బిలాల రెట్ట పేరుకున్న చోట లేచే దుమ్ములో ఊపిరితిత్తులకు జబ్బు తెచ్చే బూజు (ఫంగస్) ఉండవచ్చు.

ప్రశ్న: మేడమ్, పైన ఎండ కాస్తుండగానే గెడ్డ పొంగి మనుషులు కొట్టుకుపోయారని పేపర్లో చదువుతుంటాం. వాన లేకుండా అదెలా? ముందుగా తెలుసుకునే దారి ఉందా?
– పాఠకురాలు, విజయనగరం

జవాబు: వాన ఉంటుందమ్మా, మనం నిలబడ్డ చోట ఉండదు, అంతే. నది ఎంత మేర కొండల నుంచి నీరు లాగుతుందో ఆ మేర అంతా దాని ఇల్లు. ఎక్కడో పై కొండ మీద గంటసేపు కుమ్మరించిన వాన వాలు వెంట దిగి ఒకే ఇరుకు లోయలోకి చేరుతుంది. మైదానంలో అయితే ఆ నీరు పక్కలకు పరుచుకుంటుంది. రెండు గోడల మధ్య పక్కకు పోయే వీలు లేదు, పైకే లేవాలి. అందుకే లోయ ఎంత ఇరుకైతే నీరు అంత త్వరగా పెరుగుతుంది. ఇక్కడి రాతికొండలు, పలచటి మట్టి వాననీటిని ఎక్కువసేపు పట్టి ఉంచలేవు.

ముందుగా తెలుస్తుంది, చూసే కన్ను ఉంటే. తేటగా ఉన్న నీరు టీరంగుకు మారడం మొదటి గుర్తు. ఎండుటాకులు, పుల్లలు, నురగ గుంపుగా కొట్టుకురావడం రెండోది. నీటి చప్పుడు మారుతుంది, దూరంగా లారీ వస్తున్నట్టు వినబడుతుంది. వీటిలో ఏ ఒక్కటి కనబడ్డా సామాన్లు వదిలి ఎత్తు మీదికి ఎక్కేయాలి. నది వెంట దిగువకు పరుగెత్తకూడదు, నీటి కంటే వేగంగా ఎవరం పరుగెత్తలేం. నేను పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు నీటి అంచున ఒక రాయి పెట్టించేదాన్ని. భోజనాలయ్యేలోగా అది తడిసిందా, మునిగిందా అని ఒకరు చూస్తూ ఉండాలి. వెళ్ళగానే ఒడ్డున చెట్లకొమ్మలకు చిక్కుకున్న గడ్డి, చెత్త ఎంత ఎత్తులో ఉందో కూడా చూడండి. పోయిన వరద అంతవరకు వచ్చిందన్నమాట. దానికి పైనే కూర్చోండి.

ఎగువన డ్యామ్ ఉన్న నదుల్లో వానతో పని లేకుండానే నీరు పెరగవచ్చు. గేట్లు ఎత్తే రోజుల్లో సైరన్ వినబడితే ఆలోచించకండి, ఒడ్డెక్కండి.

ప్రశ్న: నాగావళి బండల్లో గుండ్రంగా, యంత్రంతో తొలిచినట్టు గుంటలు ఉన్నాయి. మా తాతగారు భీముడి పాదాలు అనేవారు. అసలు అవి ఎలా ఏర్పడ్డాయి? వాటిలో దిగి ఆడుకోవచ్చా?
– పాఠకుడు, రాయగడ

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు చాలా సంతోషం. మా క్లాసులో నేను ఎంతో ఇష్టంగా చెప్పిన పాఠం ఇదే.

నది అడుగున బండలో చిన్న పల్లమో పగులో ఉంటుంది. నీరు అక్కడ సుడి తిరుగుతుంది. ఆ సుడిలో నాలుగు గులకరాళ్ళు, కాస్త ఇసుక చిక్కుకుంటే, తిరగలిలో గింజల్లా గిరగిరా తిరుగుతూ బండను నూరుతాయి. రాళ్ళు అరిగి పిండి అయిపోతాయి, వరద మరికొన్నిటిని తెచ్చిపడేస్తుంది. ఇలా వేల ఏళ్ళు సాగితే గుంట లోతవుతుంది, గోడలు నునుపు తేలుతాయి. వేసవిలో నీరు తగ్గినప్పుడు ఒక గుంట అడుగున చూడండి, గుండ్రటి రాళ్ళు ఉంటాయి. తొలిచిన పనిముట్లు అవే. రెండు గుంటల మధ్య గోడ అరిగిపోతే అవి కలిసిపోతాయి, అలా కలుస్తూ పోయి నది తనకు తానే ఇరుకు దారి తవ్వుకుంటుంది. తాతగారి భీముడి కథ కూడా పిల్లలకు చెప్పండి, బండ దగ్గరికి తీసుకెళ్ళి ఇది కూడా చెప్పండి.

దిగి ఆడుకోవడం మాత్రం వద్దు. ఎందుకో చెబుతాను. నీటిలోంచి వచ్చే కాంతి వంగడం వల్ల పైనుంచి నిలువుగా చూసినప్పుడు లోతు అసలుదానిలో ముప్పాతికే కనబడుతుంది. ఆరడుగులు అనుకున్నది ఎనిమిది అడుగులు ఉంటుంది. పక్కవాటుగా చూస్తే ఇంకా తక్కువగా తోస్తుంది. పొడుగాటి వెదురు ముంచి కొలవండి, కంటిని నమ్మకండి. రెండో సంగతి, ఆ నునుపు గోడలకు నాచు పట్టి ఉంటుంది. దిగడం సులువు, పట్టు దొరక్క ఎక్కలేరు. కొన్ని గుంటలకు అడుగున పక్క గుంటలోకి కంత ఉంటుంది, నీరు అటు లాగుతుంది. పైన అలికిడి లేకుండా నిద్రపోతున్నట్టు కనిపించే గుంట కింద ఇలా లాగుతూ ఉండవచ్చు. ఒక ఆకు వేసి చూడండి, ఎటు పోతుందో తెలుస్తుంది.

ప్రశ్న: అక్కా, కొండల్లో నడుస్తుండగా పెద్దవాన పట్టుకుంటే గుహలోనో బండ చాటునో ఆగడం మంచిదే కదా?
– పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: చెల్లీ, మీ జిల్లాలోనే జరిగింది గుర్తు చేస్తాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ వానలకు గజపతి జిల్లా బారఘర ఊరివాళ్ళు కొందరు కొండకింద గుహలాంటి చోట తలదాచుకున్నారు. కొండచరియ విరిగి మీద పడింది. పదిమందికి పైగా పోయారు. వాళ్ళు చేసింది తప్పని నేను అనను, ఆ రాత్రి ఇంకెక్కడికి పోతారు?

కాసేపు జల్లు పడితే బండ చాటు ఫరవాలేదు. గంటల తరబడి ఆగకుండా పడుతుంటే వాలు కింద ఉండకండి. మట్టి నీరు తాగి బరువెక్కుతుంది, రాతికీ మట్టికీ మధ్య పట్టు జారిపోతుంది. చెట్లు ఒరగడం, పైనుంచి చిన్నరాళ్ళు రాలడం, కొత్తచోట బురదనీరు ఊరడం, ఇవి కనబడితే పక్కకు, గట్టి నేల మీదికి వెళ్ళిపోవాలి. పిడుగులు పడేటప్పుడు గుహ ముఖద్వారంలో, బండచూరు కింద నిలబడడం ఆరుబయట నిలబడినంత ప్రమాదమే. నదిమట్టానికి దగ్గరగా ఉన్న గుహలోకైతే వానాకాలమంతా అడుగే పెట్టవద్దు.

ప్రశ్న: మా అబ్బాయి గుహ పైకప్పు నుంచి వేలాడే రాతిముక్క ఒకటి విరిచి తెచ్చాడు. షోకేసులో పెట్టుకోవచ్చా?
– పాఠకురాలు, జయపురం

జవాబు: అమ్మా, చాలా బాధగా ఉంది. వాననీరు గాలిలో, మట్టిలో బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్) కలుపుకుని కాస్త పులుపెక్కి సున్నపురాయిని కరిగిస్తుంది. ఆ చుక్క గుహలో వేలాడినప్పుడు వాయువు తప్పించుకుని, కాసింత సున్నం మిగులుతుంది. సాధారణంగా ఇది ఏడాదికి మిల్లీమీటరులో పదోవంతు చొప్పున పెరుగుతుంది. అంటే జానెడు ముక్కకు రెండువేల ఏళ్ళు. తిరిగి అతికించలేం. చేత్తో తాకినా వేళ్ళ జిడ్డు అంటుకుని ఆ చోట పెరగడం ఆగిపోవచ్చు. షోకేసు వద్దు. అబ్బాయిని దగ్గర కూర్చోబెట్టుకుని ఇది చెప్పండి, ఆ ముక్కను వాళ్ళ బడిలో సైన్సు టీచరుకు ఇప్పించండి.

ప్రశ్న: డుడుమ జలపాతం అడుగుకు దిగే దారి ఉందంటున్నారు. నిజమా?
– పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పైనుంచే చూడండి. సుమారు 175 మీటర్ల పతనం అది, ఆ లోయ గోడలు దిగడానికి కావు. మా నాన్నగారు మాచ్‌ఖండ్ జలవిద్యుత్ ప్రాజెక్టులో పనిచేసేవారు, మేం ఒనకడిల్లి క్వార్టర్లలో పెరిగాం. కింద పవర్‌హౌస్‌కు ఉద్యోగులు వించ్‌లో (తాడుతో లాగే ట్రాలీలో) దిగేవారు, నడిచి దిగుతామని ఎవరూ అనేవారు కాదు. మాచ్‌ఖండ్ నది నీరు ఎగువన మళ్ళి 120 మెగావాట్ల ఆ కేంద్రానికి పోతుంది కాబట్టి, కొన్ని నెలల్లో జలపాతం సన్నగా కనబడి 'ఇంతేనా' అనిపిస్తుంది. మిగులునీరు వదిలినప్పుడు అదంతా జలపాతం మీదుగానే వస్తుంది. ఏ జలపాతం కిందనైనా నీటిలో గాలిబుడగలు నిండి ఉంటాయి, అక్కడ మనిషి మామూలు నీటిలో తేలినట్టు తేలడు. పడే నీరు మళ్ళీ మళ్ళీ లోపలికే లాగుతుంది.

ప్రశ్న: పిక్నిక్‌కు వచ్చేవాళ్ళు మడుగుల్లో సబ్బు, షాంపూతో స్నానాలు చేస్తున్నారు. పారే నీరే కదా, ఏమవుతుందని అడిగితే మాకు జవాబు తెలియలేదు.
– పాఠకుడు, గుణుపురం

జవాబు: వర్షాకాలంలో పారే నీరే. మార్చి నుంచి జూన్ దాకా వంశధార ఉపనదులు చాలాచోట్ల తెగిపోయి మడుగులుగా మిగులుతాయి. ఆ నెలల్లో నదిలో చేపలన్నీ బతికేది ఆ కొద్ది మడుగుల్లోనే. వానలు పడ్డాక తిరిగి నది అంతటా పాకేది వాటి పిల్లలే. సబ్బునురుగు చేపల మొప్పల మీది పలచటి పొరను దెబ్బతీస్తుంది. బ్లీచింగ్ చల్లి, తోటాలు పేల్చి చేపలు పట్టడం సరేసరి, ఒక్కరోజులో మడుగు ఖాళీ అవుతుంది.

పాడేరు వైపు మాచ్‌ఖండ్ నది మీద మత్స్యగుండం ఉంది. అక్కడి చేపలను ఎవరూ పట్టరు, దేవుడివని మేత వేస్తారు. ఆ నమ్మకం వల్ల ఆ మడుగులో చేపలు మిగిలాయి. మీ ఊళ్ళో పెద్దలతో మాట్లాడండి, ఒక్క మడుగునైనా అలా వదిలేద్దామని అడగండి. సబ్బు పెట్టుకోవాల్సిన వాళ్ళకు బకెట్ ఇచ్చి, ఒడ్డుకు దూరంగా మట్టినేల చూపించండి. పంచాయతీవాళ్ళు ఒప్పుకుని బోర్డు పెడితే నాకు మళ్ళీ రాయండి, ఏ మడుగో తెలుసుకోవాలని ఉంది.