పేరు ముందు ‘భారతరత్న’ అని వేయవచ్చా?

ప్రశ్న: పి.వి. నరసింహారావు గారి జయంతి సభ పెడుతున్నాం. ఆహ్వాన పత్రికలో ‘భారతరత్న పి.వి.’ అని వేద్దామంటే కమిటీలో ఒక పెద్దాయన ఒప్పుకోవడం లేదు. గౌరవంగా రాస్తే తప్పేముందండీ?
– ఒక గ్రంథాలయ కార్యదర్శి

జవాబు: మీ పెద్దాయన చెప్పిందే సరి. భారతరత్న పురస్కారమే గాని బిరుదు కాదు. బ్రిటిష్ వాళ్ళు తమకు కావలసినవాళ్ళకి రావుబహదూర్, దివాన్ బహదూర్, సర్ అని బిరుదులిచ్చేవారు. పేరుకి ఆ ముక్క తగిలితే చాలు, మనిషి హోదాయే మారిపోయేది. స్వతంత్ర దేశంలో ఆ ఎక్కువ తక్కువలు వద్దనే రాజ్యాంగం 18వ అధికరణంలో బిరుదులు రద్దు చేశారు. సైనిక హోదాలకు, చదువుకు సంబంధించిన వాటికి మాత్రం మినహాయింపు ఇచ్చారు.

మరి 1954లో భారతరత్న పెట్టడం దీనికి విరుద్ధం కాదా? ఈ వాదన చాలాకాలం నడిచింది. ఆచార్య కృపలానీ 1969లో ఇలాంటి పురస్కారాలన్నీ రద్దు చేయాలని లోక్‌సభలో బిల్లే పెట్టారు, నెగ్గలేదు. 1977లో జనతా ప్రభుత్వం వీటిని ఆపేసింది. 1980లో మళ్ళీ మొదలయ్యాయి. చివరికి బాలాజీ రాఘవన్ కేసులో 1995 డిసెంబరున సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది: ఇవి బిరుదులు కావు కాబట్టి చెల్లుతాయి, అయితే పేరుకి ముందుగానీ వెనకగానీ తగిలించకూడదు. ఈ రెండో మాట వదిలేస్తే మొదటిదానికి బలం ఉండదు. అందుకే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

పేరు మామూలుగా వేసి, కింద ‘భారతరత్న పురస్కార గ్రహీత’ అని అచ్చు వేయించండి, దానికి అభ్యంతరం లేదు. వీలైతే ఇంకో రెండు లైన్లు కూడా వేయించండి. ముఖ్యమంత్రిగా భూసంస్కరణలకు పూనుకున్నారనీ, ప్రధానిగా 1991 ఆర్థిక సంస్కరణలు నడిపించారనీ, విశ్వనాథవారి ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి తెచ్చారనీ. నేను పౌరశాస్త్రం చెప్పే రోజుల్లో పిల్లలు గ్రహీతల పేర్లు, సంవత్సరాలు గడగడా అప్పజెప్పేవారు. ఎందుకిచ్చారు అంటే క్లాసంతా నిశ్శబ్దం. ఆ లోటు మీ పత్రికైనా కొంత తీర్చాలని నా కోరిక.

ప్రశ్న: మనిషి పోయిన ఇరవై ఏళ్ళకి ఇచ్చే గౌరవం ఎవరికండీ?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: మీ బాధ అర్థమైందమ్మా. పి.వి. 2004 డిసెంబరులో పోయారు. 2024 మార్చి 30న రాష్ట్రపతి భవన్‌లో ఆయన తరఫున కుమారుడు పురస్కారం అందుకున్నారు. అసలు 1954 నిబంధనల్లో మరణానంతరం ఇచ్చే వీలే లేదు, మరుసటి ఏడాది చేర్చారు. అలా మొదట అందుకున్నది లాల్ బహదూర్ శాస్త్రి, 1966లో. అంబేడ్కర్‌కి 1990 దాకా, పటేల్‌కి 1991 దాకా రాలేదు. ఆలస్యంగానైనా ఇవ్వడం తప్పని నేననను. కానీ నాకు బాగా నచ్చే సంవత్సరం 1958. వితంతువుల చదువు కోసం, పెళ్ళిళ్ళ కోసం జీవితమంతా పోరాడి, తానూ ఒక వితంతువునే పెళ్ళాడి, ఆడపిల్లల కోసం విశ్వవిద్యాలయం పెట్టిన ధోండో కేశవ్ కర్వేకి అది నూరో ఏడు. ఆ ఏడే ఆయనకు భారతరత్న ఇచ్చారు. ఒకప్పుడు వెలివేసిన సమాజం తనకి చేసిన సన్మానాన్ని ఆయన కళ్ళారా చూశారు. బతికుండగా ఇవ్వడమంటే అదీ.

ఇంకో సంగతి. 1992లో సుభాష్ చంద్రబోస్‌కి ప్రకటించినప్పుడు ‘మరణానంతరం’ అన్న మాట మీదే పెద్ద గొడవ జరిగింది. కుటుంబం వద్దంది. చివరికి ఆ పురస్కారం ఇవ్వనే లేదు.

ప్రశ్న: భారతరత్నతో పాటు ఎంత డబ్బిస్తారు?
– ఒక పాఠకుడు

జవాబు: ఏమీ ఇవ్వరు. రాష్ట్రపతి సంతకంతో ఒక సనదు, రావి ఆకు ఆకారంలో కంచు పతకం ఇస్తారు. దాని మీద ప్లాటినం సూర్యబింబం, కింద దేవనాగరిలో ‘భారత రత్న’ అన్న అక్షరాలు ఉంటాయి.

ప్రశ్న: మా నాటకాల గురువుగారి పేరు భారతరత్నకి పంపాలి. ఫారం ఎక్కడ దొరుకుతుంది?
– ఒక రంగస్థల నటుడు

జవాబు: దీనికి ఫారం లేదు నాయనా. ప్రధానమంత్రి స్వయంగా రాష్ట్రపతికి సిఫారసు చేస్తారు. పద్మ పురస్కారాలకైతే ఎవరైనా ఎవరి పేరైనా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పంపవచ్చు, ఏటా గడువు ప్రకటిస్తారు. ఆయన చేసిన కృషి గురించి 800 పదాలు మించకుండా రాయాలి. అందులో ‘మహానటుడు’, ‘కళాతపస్వి’ లాంటి పొగడ్తలతో చోటు వృథా చేయకండి. ఏ సంవత్సరంలో ఏ నాటకం ఆడించారు, ఎంతమందిని తయారుచేశారు, ఏ పాత పద్యనాటకం ఆయన వల్ల బతికింది, అవి రాయండి. పద్మ పురస్కారాలు మామూలుగా మరణానంతరం ఇవ్వరు. కాబట్టి వచ్చే ఏడు చూద్దాంలే అనుకోకుండా, ఈ ఆదివారమే ఆయన దగ్గర కూర్చుని ఆ వివరాలన్నీ అడిగి రాసుకోండి.