పాత కల్లు మండువ మజా పబ్బుల్లో ఎందుకు దొరకదు?

"మా ఊరి కల్లు మండువ మూతపడి చాలా ఏళ్లయింది. సిటీలో ఎన్ని పబ్బులు తిరిగినా ఆ మజా రావట్లేదు. వయసు ప్రభావమా?" అని కదా ప్రశ్న.

వయసు కాదండీ, గడియారం. మండువలో మీరు తాగింది చెట్టు దిగి గంట కూడా కాని కల్లు. పబ్బులో బీరు మూడు నెలల కింద సీసాకెక్కినా అదే రుచి, అలా ఉండేట్టే దాన్ని తయారుచేస్తారు. కల్లుది గంటకో రుచి. ఇలాంటి ప్రశ్న కనపడగానే దోస్తులు, ముచ్చట్లు, చల్లటి నీడ అని రాసేవాళ్లను చూస్తే నాకు చిరాకు. దోస్తులు పబ్బుకూ వస్తారు. రానిది కల్లే.

(ఆంధ్ర వైపు మిత్రులకు ఓ మాట: ఇక్కడ మండువ అంటే మండువా లోగిలి కాదు. తెలంగాణ పల్లెల్లో తాడిచెట్ల కింద చదును చేసిన జాగా, ఓ కమ్మల పందిరి, కూర్చోడానికి నాలుగు బండలు. గుడాలు (గుగ్గిళ్లు), ఉడకబెట్టిన గుడ్లు అమ్మే అవ్వ ఒకామె ఉంటే అది పెద్ద మండువ.)

గెల కొస నుంచి కారేది ఉత్త తియ్యటి నీళ్లు. వందకు పది పన్నెండు పాళ్లు చక్కెర. లొట్టిలో (చెట్టుకు కట్టే కుండలో) పడ్డ క్షణం నుంచే ఈస్టు పని మొదలుపెడుతుంది. దాన్ని ఎవరూ వెయ్యక్కర్లేదు, గాలిలోనూ లొట్టి గోడలకూ ఉండనే ఉంటుంది. పొద్దుగాల దించిన కల్లులో తీపి ముందు తగులుతుంది, పులుపు వెనక వస్తుంది. మధ్యాహ్నానికి తీపి తరిగి ఘాటెక్కుతుంది, ఆల్కహాలు నాలుగు శాతం దరిదాపుకొస్తుంది. తెల్లారేసరికి వెనిగర్ దారి పడుతుంది. ఎండాకాలం ఇదంతా ఇంకా తొందరగా జరుగుతుంది. నీరా, అంటే పులియని తియ్యటి రసం, కావాలంటే లొట్టి లోపల సున్నం పూసి కడతారు, దాంతో పులియడం ఆగుతుంది. సున్నం ఎక్కువైతే నాలుక మీద సుద్దముక్క నమిలినట్టుంటుంది. నీరాను కల్లనీ, కల్లును నీరా అనీ రాసే పత్రికలకు ఈ సున్నం సంగతి ఎవరైనా చెప్పాలి.

కల్లు గీతలో పనితనమంతా చేతి సున్నితంలో ఉంది. పోద్దాడుకైతే (మగ తాడి) పూత కొమ్ములను, పండుతాడుకైతే (ఆడ తాడి) లేత గెలను నారతో కట్టి, కొన్నాళ్లు మెల్లగా తట్టి, నొక్కి మెత్తబరుస్తారు. ఆ తర్వాతే కొస గీయడం. గీత అంటే ముక్క కోసెయ్యడం కాదు, ఉల్లిపొర తీసినట్టు పలుచగా తియ్యాలి. పొద్దునొకటి, మాపునొకటి. మందంగా తీస్తే నెలల తరబడి పారాల్సిన గెల ముందే ఐపోతుంది. గీత తప్పితే కోసిన మొహం ఎండి పారకం పడిపోతుంది. కాబట్టే చెట్టు గీసే గౌడన్నకు చుట్టాలింట్లో పెళ్లికి పోవాలన్నా చెట్లను ఎవరికి అప్పజెప్పాలా అన్న లెక్క. కత్తి మొద్దుబారినా అంతే, పొర చిరుగుతుంది, రసం సన్నగిల్లుతుంది. అందుకని చెక్క మీద సన్నటి రాతిపొడి చల్లి రోజూ నూరుకుంటారు.

ఎక్కడం చూడాలి. నడుముకు ముస్తాదు, మానును చుట్టిన మోకు, పాదాలకు గుజి. వెనక్కి వాలితే మోకు బిగుస్తుంది, మానుకేసి వంగితే వదులవుతుంది. ఆ అరక్షణం వదులులోనే మోకును జానెడు పైకి ఎగరేసి, కాళ్లు రెండూ ఒక్కసారి పైకి లాక్కోవాలి. పైకి చేరాక నిండిన లొట్టి విప్పడం, వెంట తెచ్చుకున్న కుండలోకి వంచడం, కొస గీయడం, లొట్టి మళ్లీ కట్టడం, అన్నీ ఆ వెనక్కి వాలిన భంగిమలోనే. వాన పడితే మాను జారుతుంది, తడి మోకుకు పట్టుండదు. 2024 జూలైలో తెలంగాణ సర్కారు కాటమయ్య రక్షణ కవచం పేరుతో చెట్టు మీంచి పడకుండా కాపాడే కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఎన్నో ఏళ్లు ఆలస్యంగా.

చలికాలం వంతు ఈతది. ఈతకు గెలతో పని లేదు, మొవ్వు కింద మానునే చెక్కుతారు. ఈ ఏడు ఒక పక్క, మరుసటేడు ఎదురు పక్క. ముసలి ఈత మాను మెట్లుమెట్లుగా వంకరలు పోయి కనిపించేది అందుకే. లోతుగా చెక్కితే చెట్టే చస్తుంది. చలికి పులియడం నెమ్మదిస్తుంది కాబట్టి ఈతకల్లులో తీపి కాసేపు ఎక్కువ నిలబడుతుంది. తాడికల్లే కల్లు అని వాదించేవాళ్లు డిసెంబరు పొద్దున ఓసారి ఈతకల్లు తాగి వచ్చి మాట్లాడాలి.

ఇక రేక. తాటాకు రేకను పడవలా మడిచి, కొస పెదాల కానించి, రెండు చేతులా పట్టుకుంటారు. గౌడన్న పైనుంచి లొట్టి వంచుతాడు. మొదట దేవుడి పేర ఓ చుక్క నేల మీద సాక పోస్తారు, ఆ తర్వాతే నోటికి. ధార పడుతుంటే గుటక వేస్తూనే ఉండాలి, చాలనుకుంటే తల ఎత్తాలి. కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటే, మోచేతులు దించడం. రేక వెనక్కి వాలి, కల్లంతా ముంజేతుల వెంట మోచేతుల దాకా పోతుంది. ఎండిన రేకైతే మడత దగ్గర పగిలి కారుతుంది, పచ్చి రేక కడిగి వాడాలి. ఆ పచ్చి ఆకు వాసన, ముక్కుకు తగిలే నురగ, రెండూ కలిస్తేనే మీరు వెతుకుతున్న రుచి. ప్లాస్టిక్ గ్లాసులో పోశాక అందులో సగం పోయింది. ఐసు వెయ్యమని అడిగేవాళ్ల గురించి నేను మాట్లాడను.

ఇంటికి తీసుకెళ్తానంటే ఒక్క జాగ్రత్త: సీసా మూత బిగించొద్దు. దారంతా గ్యాసు పుడుతూనే ఉంటుంది. ప్లాస్టిక్ సీసా కుండలా ఉబ్బుతుంది, గాజుది పగులుతుంది. మెడ దాకా నింపకుండా నాలుగు వేళ్లు ఖాళీ వదిలి, ఆకు చుట్టి బిరడాగా దోపితే చాలు.

సిటీ కాంపౌండు (కల్లు దుకాణం) కల్లు ఆ మండువ కల్లుకు చుట్టం కూడా కాదు. చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ. ఆ తేడాను నీళ్లు, శాకరిన్, వాటితో పాటు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం అనే మత్తుమందులు పూడ్చాయి. 2004లో హైదరాబాద్‌లో కల్లు దుకాణాలు మూయించారు, 2014లో మళ్లీ తెరిచారు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి జనం చచ్చిపోయారు. శాకరిన్‌ను కొంతవరకు పట్టుకోవచ్చు: తీపి నాలుక చివర అంటుకుని ఉండిపోతుంది, రాత్రంతా ఉంచినా పోదు. అసలు కల్లు తెల్లారేసరికి పులిసి తీరుతుంది. మత్తుమందును మాత్రం నాలుక పట్టలేదు. ఒక్క సీసాకే మాట ముద్దయి నిద్ర ముంచుకొస్తే అది నాలుగు శాతం ఆల్కహాలు పని కాదు. రోజూ అలాంటిది తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్, లేనివి కనిపించడం మొదలవుతాయి. వాళ్లను ఇంట్లో పడుకోబెట్టకండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి.

నెక్లెస్ రోడ్డులో 2023లో తెరిచిన నీరా కేఫ్ సంగతి ఎవరో అడుగుతారు. అది నీరా, కల్లు కాదు. పైన నీరా గురించి రాసింది మళ్లీ చదవండి.

చెట్లు ఉండుంటే ఇంత రాయాల్సిన పని లేదు. తాడిచెట్లు దూలాలకూ ఇటుక బట్టీలకూ పోయాయి, ఈతవనాలు ప్లాట్లయ్యాయి. సర్కారు మొక్కల పథకం హరితహారంలో ఈత, తాటి మొక్కలు నాటారు, కాదనను. కానీ తాడి గీతకు రావాలంటే పదిహేనేళ్ల దాకా ఆగాలి.

వెళ్లాలనుకుంటే టీఎఫ్‌టీ (ట్రీ ఫర్ ట్యాపర్) లైసెన్సు మీద నడిచే చోటు వెతకండి. గీసినవాడే చెట్టు కింద అమ్ముకునే పద్ధతి అది. బండల మీద కూర్చుంటే చెట్టుకు కట్టిన లొట్టి కంటికి కనపడాలి. ఈతకల్లుకు జనవరిలోపు, పండుతాడు కల్లుకు ఎండలు ముదిరాక. పొద్దున ఏడున్నరకల్లా అక్కడుండండి, ఏ చెట్టుదో అడిగి తాగండి. పక్కపక్కనున్న రెండు చెట్ల కల్లు కూడా ఒక్కలా ఉండదు. మోచేతులు పైకి.