చిట్టితల్లికి, పిల్లల ఈత గురించి

పశ్చిమ మాంబలం, చెన్నై

చిట్టితల్లీ,

ఈ సెలవుల్లో పెద్దాణ్ణీ చిన్నదాన్నీ మీ అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్‌లో ఈతకు చేరుస్తున్నావనీ, నెల్లూరు నుంచి మీ అన్న పిల్లలు కూడా వస్తున్నారనీ మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఎంత సంతోషమేసిందో అంత టెన్షన్ కూడా పట్టుకుంది. నిన్ను మీ నాన్న మోకాలి లోతు నీళ్లలో కూడా దిగనివ్వలేదు. మెరీనాకు తీసుకెళ్లినా ఇసుకలోనే కూర్చోబెట్టి, నీ చెయ్యి వదిలేవాడు కాదు. అలా పెరిగిన దానివి నీ పిల్లలకు ఈత నేర్పించాలనుకున్నావంటే నాకు గర్వంగా ఉంది. తప్పకుండా నేర్పించు. మానుకోమని చెప్పడానికి రాయడం లేదు.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. కత్తిరి ఎండల్లో పొద్దున్నే గానీ, సాయంత్రం ఎండ తగ్గాక గానీ దింపు. విరేచనాలు అవుతున్న పిల్లల్ని నీళ్లలోకి పంపకు. గట్టు మీద పరుగులు వద్దు. చిన్నదాని జుట్టు టోపీలో పెట్టు. పూల్ అడుగున నీళ్లు లాగే జాలీ విరిగి ఉంటే ఆ రోజు ఎవర్నీ దిగనివ్వకు. లేత నీలం స్విమ్‌సూట్ కొనకు, నీళ్ల రంగులో కలిసిపోతుంది. నారింజ రంగుదైతే బిడ్డ అడుగున ఉన్నా కంటికి ఆనుతుంది.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతికి వస్తాను. మీ నాన్న నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు.

అప్పుడు నా తమ్ముడికి, అదే మీ నాన్నకు, ఐదేళ్లు. సెలవులకు మా అమ్మమ్మగారి ఊరు వెళ్లాం. అక్కడ పొలంలో దిగుడుబావి ఉండేది. ఆ రోజు బావి దగ్గర పెద్దవాళ్లకు కొదవ లేదు. మా నాన్న, ఇద్దరు మామయ్యలు, పెద్దమ్మ కొడుకులు, అందరూ ఈత వచ్చినవాళ్లే. గట్టు మీద వేపచెట్టు కింద పేకాట సాగుతోంది. తమ్ముడి నడుముకు బెండు కట్టి పై మెట్ల దగ్గర వదిలారు. మామయ్యలు చూస్తున్నారులే అని మా నాన్న అనుకున్నాడు. తండ్రి పక్కనే ఉన్నాడు కదా అని మామయ్యలు అనుకున్నారు. బెండు ముడి ఎప్పుడు జారిందో ఎవరికీ తెలియదు. వాడు అరవలేదు, చేతులు ఊపలేదు, నీళ్లు చిమ్మలేదు. మిగతా పిల్లలు కేరింతలు కొడుతూనే ఉన్నారు, పేకాట సాగుతూనే ఉంది. గేదెలకు నీళ్లు పట్టడానికి వచ్చిన పాలేరు ఒకాయన "చిన్నబాబు ఏడయ్యా?" అని అడిగితే అప్పుడు తలలు తిరిగాయి. ఆయనే దూకి పైకి తెచ్చాడు. పెదాలు నల్లబడి ఉన్నాయి. పిల్లాణ్ణి కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీశారు, పొట్ట నొక్కారు. అప్పట్లో అందరూ చేసేది అదే, అది పూర్తిగా తప్పు. మన అదృష్టం, ఊపిరి దానంతటదే వచ్చింది. ఆ తర్వాత ఆ బావి గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. వాడు నీళ్లకు జన్మకంతా దూరమయ్యాడు. నేను పట్టుబట్టి ఈత నేర్చుకున్నాను, డ్రిల్లు టీచరునయ్యాక ఆడపిల్లలకు నేర్పాను.

మునిగిపోయే పిల్లలు కేకలు వేస్తారని సినిమాల్లో చూసి నమ్ముతాం. ఊపిరి కోసం కొట్టుకునే నోటికి కేక వేసే తీరిక ఎక్కడిది? తల వెనక్కి వాలి, నోరు నీటి అంచున తేలుతూ మునుగుతూ ఉంటుంది. చూసేవాళ్లకు ఆడుకుంటున్నట్టే కనిపిస్తుంది. చిన్నపిల్లలైతే నిమిషం కూడా అలా ఆగలేరు. నువ్వు ఒక మెసేజ్ చదివి తలెత్తేంత సేపు చాలు.

అందుకే మనుషులు ఎక్కువ ఉన్న రోజునే నాకు ఎక్కువ భయం. ఆదివారం మీ అన్నావదినలూ, అల్లుడూ, స్నేహితులూ అందరూ గట్టు మీద ఉన్నప్పుడు, "ఇప్పుడు చూసేది నేను" అని ఒకరు పైకి చెప్పాలి. ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు, కాఫీ కోసం లేవకూడదు. లేవాల్సి వస్తే మరొకరి పేరు పిలిచి, వాళ్లు "సరే" అన్నాకే కదలాలి. లైఫ్ గార్డ్ ఉన్నా సరే, మనవాళ్లను మనమే చూసుకోవాలి. మూడేళ్ల చిన్నదానికైతే చూడటం కూడా సరిపోదు, చెయ్యి చాపితే అందేంత దూరంలో నీళ్లలోనే ఉండాలి. చేతులకు తొడిగే గాలి బుడగల్ని నమ్మకు. అవి ఆటవస్తువులు, జారతాయి, గాలి పోతుంది. పైగా అవి లేని రోజు కూడా తేలతానన్న ధైర్యం పిల్లలకు వచ్చేస్తుంది.

జరగకూడనిది జరిగి, బయటికి తీసిన బిడ్డకు ఊపిరి ఆడకపోతే, పొట్ట నొక్కొద్దు, తలకిందులు చెయ్యొద్దు. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే ఇంకొకరు ముందు నోటితో ఊపిరి ఇవ్వాలి, ఆ తర్వాత 30 సార్లు ఛాతీ నొక్కి 2 సార్లు ఊపిరి, అలా ఆపకుండా. ఇది చదివితే రాదు, బొమ్మ మీద చేసి నేర్చుకోవాలి. నువ్వూ అల్లుడూ కలిసి నేర్చుకోండి. ఊపిరి ఆడుతున్నా సరే, నీళ్లు మింగిన తర్వాత దగ్గు తగ్గకపోయినా, ఆయాసపడినా, మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

పూల్‌లో నాలుగు బారలు వేయగానే పెద్దాడు సముద్రం అంటాడు. ఒప్పుకోకు. మెరీనాలో స్నానం ఊరికే నిషేధించలేదు, అక్కడ నీరు కాళ్లకింద ఇసుకను తోడేస్తూ లోపలికి లాగుతుంది. బీసెంట్ నగర్ బీచ్‌లో తెల్లటి కట్టడం ఉంది చూడు, వాణ్ణి ఒకసారి దాని దగ్గరికి తీసుకెళ్లు. మునిగిపోతున్నవాళ్లను కాపాడబోయి 1930లో ప్రాణం పోగొట్టుకున్న డెన్మార్క్ దేశస్థుడు ష్మిట్ జ్ఞాపకార్థం కట్టింది అది. ఎవరైనా మునుగుతుంటే వెనకాలే దూకకూడదనీ, తాడో, చున్నీయో, ట్యూబో విసిరి పెద్దల్ని పిలవాలనీ అక్కడే నిలబెట్టి చెప్పు.

ఇంట్లో సంగతి మర్చిపోయేదాన్ని. 2019 కరువు చూసినప్పటి నుంచి మన ఊళ్లో అందరం డ్రమ్ములూ బకెట్లూ నింపి పెట్టుకుంటున్నాం. చిన్నపిల్లలకు తల బరువు, బకెట్‌లోకి తొంగి చూసి పడితే తిరిగి లేవలేరు. బాత్‌రూమ్ తలుపు గడియ వేసి ఉంచు. డ్రమ్ముకు గట్టి మూత ఉండాలి. కింద సంప్ మూత కూడా ఒకసారి చూసుకో.

చివరిగా అడుగుతున్నాను తల్లీ, కాదనకు. నువ్వు కూడా చేరు. ఈత రాని తల్లి గట్టు మీద నిలబడి ఏం చేయగలదు? ఈ వయసులో ఏమిటని సిగ్గుపడకు, నీకంటే పెద్దవాళ్లకు నేర్పాను. శనివారం పొద్దున నేనే వస్తున్నాను, గేటు దగ్గర నా పేరు చెప్పి ఉంచు. పిల్లలు నిద్ర లేవకముందే మనిద్దరం నీళ్లలో దిగుదాం. మొదట ఊపిరి వదలడం నేర్పిస్తాను. మీ నాన్నకు నేను చెప్పుకుంటాను.

ఆశీస్సులతో,
మీ అత్త