‘దార్లో ఉన్నా’ అన్న మాట

ప్రశ్న: మాది నెల్లూరు. మా ఆయనకు మైపాడు వైపు రొయ్యల చెరువులున్నాయి. పాప ఎనిమిదో తరగతి, మూడేళ్లుగా సంగీతం నేర్చుకుంటోంది. స్కూల్ వార్షికోత్సవంలో ఆరుగురు ఆడపిల్లల బృందగానం పెట్టారు, పల్లవి ఎత్తుకోవాల్సింది మా పాపే. కారులో తీసుకెళ్తానని వాళ్ల నాన్న మాటిచ్చారు. ఆరోజే పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టి అమ్మడం) పడింది. ఐదు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ‘దార్లో ఉన్నా, వచ్చేస్తున్నా’ అన్నారు. మేం చేరేసరికి వందన సమర్పణ చేస్తున్నారు. అప్పట్నుంచి పాప పాడటం లేదు. ‘నాన్నకి నాకంటే రొయ్యలే ఎక్కువ’ అంటోంది. పుట్టినరోజుకి హాలు తీసుకుని స్టేజీ కట్టించి పాడిద్దామంటున్నారు ఆయన. స్కూల్లో ఇంకో ఛాన్స్ అడగమంటారా?

జవాబు: హాలు మాత్రం వద్దమ్మా. ఆ స్టేజీ ఎక్కాక పాప పాడేది తన కోసం కాదు, నాన్న మనసు తేలికపడటం కోసం.

పట్టుబడి సంగతి తెలియనివాళ్లు మీ ఆయన్ని తేలిగ్గా తిట్టేస్తారు. వల దిగాక మధ్యలో వదిలి రావడం కుదరదు. ఐస్ సమయానికి అందకపోతే సరుకు పాడవుతుంది. కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్న దాని మీదే ధర కాబట్టి, కాటా దగ్గర మన మనిషి లేకపోతే కౌంటు ఎటు పోతుందో చెప్పలేం. నెలల తరబడి పోసిన మేత ఖర్చు ఆ ఒక్క పూటలో తేలాలి. ఆయన అక్కడ ఉండిపోవడం తప్పని నేననను.

తప్పంతా ‘దార్లో ఉన్నా’ అనడంలో ఉంది. ఐదింటికే ‘నేను రాలేను, ఆటోలో వెళ్లండి’ అని ఉంటే పాప ఆరోజు పాడేది. మన ఇళ్లల్లో చొక్కా గుండీలు పెట్టుకుంటూ కూడా దార్లో ఉన్నామంటాం, పెద్దవాళ్లం సర్దుకుంటాం. పట్టు పరికిణీ కట్టుకుని గుమ్మంలో కూర్చున్న పిల్ల ఎలా సర్దుకుంటుంది? ఆరింటికైనా మీరు ఆటో పిలిచి ఉండాల్సింది. మీ ఉత్తరంలో ఆ ముక్క లేదు కాబట్టి అంటున్నా.

అందుకే ముందు ఆయన పాపతో మాట్లాడాలి. ‘రాలేనని నాకు ఐదింటికే తెలుసమ్మా. తెలిసీ చెప్పలేదు, తప్పు నాదే.’ అంతే. ఐస్ లారీ కథ, అప్పుల కథ, ‘నీ ఫీజుల కోసమేగా ఈ తిప్పలు’ అనడం ఆ పూటకి వద్దు. పాప వెంటనే కరిగిపోకపోవచ్చు. ఆయన విసుక్కోకుండా ఊరుకోవాలి.

ఇక స్కూలు. మిగతా ఐదుగురు పిల్లలు స్టేజీ వెనక తన కోసం ఎదురుచూసి ఉంటారు. చివరి నిమిషంలో ఎవరో ఒకరు పల్లవి ఎత్తుకుని ఉంటారు. ‘నేను లేకపోయినా అయిపోయింది’ అన్న బాధ కూడా పాపకి ఉందని నా అనుమానం. మ్యూజిక్ టీచర్‌కీ ఆ ఐదుగురికీ ఏం జరిగిందో పాపే చెప్పాలి. మీరు తోడు వెళ్లండి, గది బయటే ఉండండి. ఆ తర్వాత ఒకటి అడగొచ్చు: ఏదో ఒక ఉదయం అసెంబ్లీలో ఆ ఆరుగురూ అదే పాట పాడటానికి ఐదు నిమిషాలు. కుదరదంటే పేచీ పెట్టుకోకండి.

పుష్య బహుళ పంచమికి, జనవరి ప్రాంతంలో, త్యాగరాజ ఆరాధన వస్తుంది. పంచరత్న కృతులు గోష్ఠిగా పాడతారు. ఊళ్లో ఎక్కడ చేస్తున్నారో పాట నేర్పే మేడంని అడగండి. ఆ కృతులు మూడేళ్ల చదువుకి అందేవి కావు, అయినా వెనక వరుసలో కూర్చుని వచ్చినచోట గొంతు కలపొచ్చు, రానిచోట తాళం వేయొచ్చు. అక్కడ ఎవరి గొంతూ విడిగా వినపడదు. గొంతు మూసుకున్న పిల్లకి ఇంతకంటే మంచి చోటు నాకు తోచలేదు. త్యాగయ్యగారి ఇంటిపేరు కాకర్ల మన ప్రకాశం వైపు ఊరి పేరేనంటారు, ఆ సంగతీ చెప్పండి.

ఈలోగా చుట్టాలెవరైనా ‘ఏదీ, ఒక పాట పాడు తల్లీ’ అంటే మీరే అడ్డుపడండి. పాట క్లాసు మాన్పించొద్దు, పాడకపోయినా వెళ్లి కూర్చోనివ్వండి. తిండి, నిద్ర తగ్గినా, స్కూలుకే వెళ్లనన్నా మాత్రం ఆలస్యం చేయకుండా పిల్లల మానసిక నిపుణులకు చూపించండి.

అసెంబ్లీయో ఆరాధనో, ఏది కుదిరినా ఆరోజు ఆటో మాట్లాడిపెట్టుకోండి. ఆయన వీలైతే నేరుగా అక్కడికే వస్తారు.