అమెరికా వచ్చే అమ్మాయికి ఏ టార్చిలైటు?

ఆగస్టులో మాస్టర్స్ చదవడానికి టెక్సస్‌లోని డెంటన్‌కు వస్తున్న కూతురికి ఆత్మరక్షణకు పనికొచ్చే టార్చిలైటు ఏది కొనాలి, హైదరాబాదులోనే కొని పంపాలా అని ఒక తల్లి అడిగారు. ఆమె ఇప్పటికే చూసిపెట్టుకున్నది లక్ష ల్యూమెన్లదట (దీపం ఇచ్చే మొత్తం వెలుగుకు కొలత ల్యూమెన్), కొసన కరెంటు షాకు కొట్టే ముళ్ళు కూడా ఉన్నాయట.

అమ్మా, దాన్ని వదిలేయండి. కారు హెడ్‌లైటులో ఉండే హాలోజెన్ బల్బే వెయ్యీ వెయ్యిన్నర ల్యూమెన్లు ఇస్తుంది. జేబులో పట్టే గొట్టం లక్ష ఇస్తుందంటే ఆ అంకె డబ్బా మీద మాత్రమే ఉంటుంది. ఇక షాకు ముళ్ళ సంగతి: అలాంటి వస్తువును విమానంలో చేతిసంచిలో తీసుకుపోనివ్వరు, కొన్ని విశ్వవిద్యాలయాలు ఆయుధంగానే లెక్కగడతాయి. చదువుకోవడానికి వచ్చిన పిల్ల మొదటి నెలలోనే దాని గురించి సంజాయిషీ చెప్పుకోవడం ఎందుకు?

అసలు అవసరం ఎక్కడ పడుతుందో చెబుతాను. ఆగస్టులో దిగినప్పుడు డెంటన్ ఉన్న డాలస్ ప్రాంతంలో రాత్రి ఎనిమిది దాకా వెలుతురు ఉంటుంది కనుక టార్చి గుర్తే రాదు. నవంబరు మొదటి ఆదివారం గడియారాలను గంట వెనక్కి జరుపుతారు. ఆ రోజు నుంచి ఐదున్నరకే పొద్దుగూకుతుంది. మాస్టర్స్ తరగతులు చాలావరకు సాయంత్రాలే. క్యాంపస్ లోపల దీపాలు బాగానే ఉంటాయి. చీకటి దాన్ని దాటాక, అద్దె తక్కువని మన పిల్లలు తీసుకునే అపార్టుమెంట్ల దారిలో ఉంటుంది. అక్కడ చాలా చోట్ల కాలిబాటే ఉండదు. కాలిబాట లేని రోడ్డు మీద ఎడమ పక్కన, ఎదురొచ్చే వాహనాలకు ముఖం పెట్టి నడవాలన్నది టెక్సస్ చట్టం. పైగా మనవాళ్ళందరూ చలికోటు నలుపే కొంటారు, ఎందుకో తెలియదు. నల్లకోటులో ఉన్న మనిషి డ్రైవరుకు దగ్గరికి వచ్చేదాకా కనిపించడు. పాదాల ముందు నేల మీద కదిలే వెలుగు మాత్రం దూరం నుంచే కనిపిస్తుంది. టార్చి చేసే పెద్ద రక్షణ ఇదే. దాన్ని డ్రైవరు కళ్ళలోకి మాత్రం కొట్టకూడదు.

ఈ పనికి రెండు మూడు వందల ల్యూమెన్లు చాలు. డబ్బా మీద ‘ఎఫ్‌ఎల్1’ అన్న, టార్చిలన్నిటినీ ఒకే పద్ధతిలో కొలిచే ప్రమాణం గుర్తు ఉందో లేదో చూడమనండి. ఉంటే అంకెలకు ఒక అర్థం ఉంటుంది. అయితే ఆ అర్థం మనం అనుకునేది కాదు. ‘200 మీటర్లు’ అంటే అంత దూరంలో పావు లక్స్ వెలుగు, అంటే పున్నమి వెన్నెలపాటి వెలుతురు, మిగులుతుందని. అక్కడున్న మనిషి ముఖం పోల్చుకోగలమని కాదు. ‘పది గంటలు’ అంటే వెలుగు మొదటి దానిలో పదో వంతుకు పడిపోయేదాకా పట్టే సమయం. అందుకే పెద్ద అంకెలకు మురిసిపోనక్కర లేదు.

ఎవరూ అడగని విషయం ఒకటుంది, అతి తక్కువ వెలుగు. ఒకటి రెండు ల్యూమెన్ల మెట్టు ఉన్న టార్చినే కొనమంటాను. మొదట్లో నలుగురు కలిసి ఉంటారు, ఒకరు హాలులో పరుపు వేసుకుంటారు. రాత్రి రెండింటికి మంచినీళ్ళకు లేచినవాళ్ళు ఫోను లైటు వేస్తే మొదలయ్యే గొడవలు ఇన్నీ అన్నీ కావు. మీట నొక్కగానే టపటపా మిణుకుమనే మోడ్ ముందుకొచ్చే రకాలను పక్కన పెట్టండి. దారి కనిపించదు, విసుగు అదనం.

బ్యాటరీ విషయంలో నా ఓటు ఫోను చార్జరు తీగతోనే, అంటే యూఎస్‌బీ-సీతో, చార్జయ్యేదానికి. సొంత అయస్కాంతపు తీగ ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. ఆ తీగ పోయిందంటే టార్చి మూలపడ్డట్టే. పెన్సిల్ సెల్లుల టార్చి అయినా మంచిదే కానీ మామూలు సెల్లులను నెలల తరబడి లోపలే వదిలేస్తే కారి స్ప్రింగును తినేస్తాయి. విడి లిథియం సెల్లులు మాత్రం కొత్తవాళ్ళకు వద్దు. బ్యాగులో తాళాలకో చిల్లరకో తగిలితే షార్టవుతాయి. బ్యాగులో దానంతటదే వెలిగి వేడెక్కకుండా మీటకు లాక్ ఉండాలి. స్ట్రీమ్‌లైట్, ఫీనిక్స్, థ్రూనైట్ వంటి కంపెనీల చిన్న రకాల్లో వెతకమనండి.

ఆత్మరక్షణ అన్నారు కనుక సూటిగా చెబుతాను. చీకట్లో కళ్ళలోకి వెలుగు కొడితే ఎదుటివాడు ఒకటి రెండు క్షణాలు తడబడతాడు. ఆ క్షణాలు పరుగెత్తడానికి. టార్చితో కొట్టాలంటే వాడు చేతికందేంత దగ్గరకు రావాలి, అంతదాకా రానివ్వకపోవడమే తెలివి. పోలీసు ఆపితే చేతిలో లోహపు గొట్టంతో చటుక్కున అటు తిరగకూడదు. చేతులు కనిపించేలా ఉంచి వాళ్ళు చెప్పినట్టు చేయాలి.

టార్చి కంటే ముందు అమ్మాయి తెలుసుకోవలసినది క్యాంపస్ పోలీసు నంబరు, రాత్రిపూట ఇంటిదాకా దింపే ఉచిత వాహనం ఉందా లేదా అన్నది. చాలా విశ్వవిద్యాలయాల్లో ఉంటుంది, మనవాళ్ళు మొహమాటపడి పిలవరు. ప్రభుత్వ సాయం అందుకునే ప్రతి విశ్వవిద్యాలయమూ 1990 నాటి క్లెరీ చట్టం ప్రకారం ఏటా అక్టోబరు 1 లోగా గత మూడేళ్ళ నేరాల లెక్కలు బయటపెట్టాలి. ఇల్లు అద్దెకు తీసుకునే ముందే ఆ నివేదిక చదవమనండి.

అమెరికాలో కరెంటు పోదన్న నమ్మకంతో కూడా రావద్దు. 2021 ఫిబ్రవరి మంచు తుపానుకు టెక్సస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్ళకూ దుకాణాలకూ కరెంటు పోయింది, కొన్నిచోట్ల రోజుల తరబడి. అలాంటప్పుడు ఫోను చార్జీ మాట్లాడటానికి మిగలాలి కానీ లైటుకు కాదు. గదిలో అందరూ కలిసి తలకు కట్టుకునే దీపం ఒకటి కొనుక్కుంటే ఆ చీకట్లో రెండు చేతులతో వంట చేసుకోవచ్చు.

మీ రెండో ప్రశ్నకు జవాబు: అక్కడి నుంచి పంపకండి. ఇక్కడ ముప్పై నలభై డాలర్లకు మంచిదే వస్తుంది. ఇప్పటికే ఇంట్లో ఒకటి ఉంటే లాక్ వేసి తెచ్చుకోవచ్చు, విడి లిథియం సెల్లులను మాత్రం చెక్‌ఇన్ సూట్‌కేసులో పెట్టకుండా చేతిసంచిలోనే తేవాలి.